చిగుళ్ల జబ్బుకు ఎక్స్‌రే: ముందు కొలత, తర్వాత ఫిల్ము

దంత విభాగం ముందు బెంచీల మీద కూర్చునేవారిలో రెండు రకాల వారు ఉంటారు. ఒకరు కుర్చీలో సరిగా కూర్చోకముందే "డాక్టరుగారూ, ముందు పెద్ద ఎక్స్‌రే తీసెయ్యండి, అన్నీ తెలిసిపోతాయి" అంటారు. ఇంకొకరు "ఎక్స్‌రే మాత్రం వద్దండీ, తలకు కిరణాలు తగులుతాయట, మందులు రాసివ్వండి చాలు" అంటారు. ఇద్దరి బాధా ఒకటే. చిగుళ్ల నుంచి రక్తం వస్తోంది, నోరు వాసన వస్తోంది, ఒకటి రెండు పళ్లు కదులుతున్నాయి.

ఇద్దరి ఆలోచనా సరికాదని నా అభిప్రాయం. ముదిరిన చిగుళ్ల జబ్బుకు ఎక్స్‌రే తప్పకుండా కావాలి. కాని అది మొదటి పని కాదు. ముందు డాక్టరు నోరంతా చూసి, చిగుళ్లను కొలిచి, ఎక్కడ ఏమి తెలుసుకోవాలో నిర్ణయించాలి. ఆ తర్వాత, ఆ సంగతి చెప్పగల ఎక్స్‌రేనే తీయించాలి. తీసిన ఫిల్మును రోగి జాగ్రత్తగా దాచుకోవాలి. ఈ మూడూ పాటిస్తే ఊడిపోవలసిన పళ్లు ఎన్నో నిలుస్తాయి. అనవసరమైన ఖర్చూ తప్పుతుంది.

చిగురు కింద జరిగేది

పళ్ల మీద రోజూ పేరుకునే మెత్తని పొరను పాచి అంటాం. దాన్ని సరిగా తీయకపోతే లాలాజలంలోని ఖనిజాలతో కలిసి గట్టిపడి గార అవుతుంది. అప్పుడు చిగురు ఎర్రబడి వాస్తుంది. బ్రష్ తగిలితే రక్తం వస్తుంది. ఈ దశలో గార తీయించి, రోజూ శుభ్రంగా తోముకుంటే చిగురు మళ్లీ మామూలవుతుంది. ఎముకకు ఇంకా నష్టం జరిగి ఉండదు.

కొందరిలో ఈ వాపు లోపలికి దిగుతుంది. పంటిని పట్టి ఉంచే నారపోగులు తెగిపోతాయి. వాటి వెనుక ఉన్న దవడ ఎముక కొద్దికొద్దిగా కరుగుతుంది. చిగురుకూ పంటికీ మధ్య జేబులాంటి ఖాళీ ఏర్పడుతుంది. దీనినే దంతవైద్యులు పాకెట్ అంటారు. అందులో మళ్లీ పాచి, గార చేరతాయి. బ్రష్ అక్కడికి చేరలేదు.

ఇందులోని మోసం ఏమిటంటే, నొప్పి ఉండదు. పిప్పి పన్ను రాత్రంతా నిద్ర పోనివ్వదు కాబట్టి తెల్లవారగానే ఆసుపత్రికి పరుగెత్తుతాం. చిగుళ్ల జబ్బు మాత్రం ఏళ్ల తరబడి చప్పుడు చేయకుండా ఎముకను తినేస్తుంది. షుగరు అదుపులో లేనివారిలో ఇది మరింత వేగంగా ముదురుతుంది. సిగరెట్, బీడీ, చుట్ట తాగేవారి చిగుళ్ల నుంచి రక్తం కూడా అంతగా రాదు. అందువల్ల "నా చిగుళ్లు గట్టివే" అనుకుంటూ గడిపేస్తారు. పన్ను కదిలిన రోజున వస్తే అప్పటికే సగం ఎముక పోయి ఉంటుంది.

ఎక్స్‌రే చెప్పేది, చెప్పలేనిది

పోయిన ఎముకను పైనుంచి కంటితో చూడలేం. అక్కడే ఎక్స్‌రే ఉపయోగం. ఆరోగ్యంగా ఉన్న నోటిలో ఎముక అంచు, పంటి పైపొర ముగిసే గీతకు 1 నుంచి 2 మి.మీ. కింద ఉంటుంది. ఆ అంచు ఎంత దిగిందో, అన్ని పళ్ల దగ్గరా సమానంగా దిగిందా లేక ఒక పంటి పక్కన గుంటలా దిగిందా అన్నది ఫిల్ములో కనిపిస్తుంది. వేరు ఇంకా ఎంత పొడవున ఎముకలో ఉందో, దవడ పళ్ల వేళ్ల మధ్య ఎముక పోయిందా, వేరు చివర చీము చేరిందా అన్నవీ తెలుస్తాయి. పళ్ల సందుల్లోని గార, అంచు బయటికి పొడుచుకు వచ్చి పాచిని పట్టి ఉంచే పాత సిమెంటు, సరిగా అతకని తొడుగు కూడా కనిపిస్తాయి.

ఇక ఎక్స్‌రే చెప్పలేనివి. చిగురు మెత్తని భాగం కాబట్టి పాకెట్ ఎంత లోతుందో ఫిల్ములో కనిపించదు. రక్తం వస్తోందో లేదో తెలియదు. బుగ్గవైపు, నాలుకవైపు ఉన్న ఎముక పంటి నీడలో కలిసిపోతుంది. అన్నిటికన్నా ముఖ్యమైనది, ఎముకలోని ఖనిజంలో సుమారు 30 నుంచి 50 శాతం పోతేగాని ఫిల్ములో మార్పు స్పష్టంగా తెలియదు. అంటే జబ్బు మొదలైన తొలి రోజుల్లో ఎక్స్‌రే "అంతా బాగుంది" అన్నట్టే కనిపించవచ్చు. అలాగే, ఎప్పుడో కరిగి ఆగిపోయిన ఎముకకూ ఇప్పుడు కరుగుతున్న ఎముకకూ ఒకే ఫిల్ము తేడా చెప్పలేదు. ఎక్స్‌రే గతాన్ని చూపుతుంది. ఈ రోజు సంగతి చెప్పేది చిగురే.

ముందు కొలత ఎందుకంటే

చిగురు సంగతి తెలుసుకోవడానికి పెద్ద యంత్రం అక్కర లేదు. ప్రోబ్ అనే సన్నని కొలత కడ్డీ చాలు. దానిమీద మిల్లీమీటర్ల గీతలుంటాయి. దాన్ని చిగురుకూ పంటికీ మధ్య మెల్లగా జార్చి ఎంత లోతు దిగిందో చూస్తారు. 1 నుంచి 3 మి.మీ. వరకు దిగితే మామూలే. 4 మి.మీ. లేదా అంతకు మించి దిగితే, రక్తం కూడా వస్తే, అక్కడ జాగ్రత్తగా చూడాలి.

బ్రిటన్‌లో దంతవైద్యులు నోటిని ఆరు భాగాలుగా చేసి ఇటువంటి కడ్డీతో చూసి, ఒక్కొక్క భాగానికి 0 నుంచి 4 వరకు అంకె వేస్తారు. 3 లేక 4 వచ్చిన భాగాలకు ఎక్స్‌రే అవసరమని అక్కడి మార్గదర్శకాలు చెబుతాయి. 0, 1, 2 మాత్రమే వచ్చినవారికి చిగుళ్ల కోసమని ఎక్స్‌రే తీయరు. శుభ్రం చేసి, తోముకునే పద్ధతి నేర్పి పంపుతారు. ఈ పద్ధతి మనకూ వర్తిస్తుందని నా నమ్మకం. కడ్డీకి కరెంటు అక్కర లేదు, కిరణాలు లేవు, ఖర్చు దాదాపు లేదు.

అందుకే ఒక మాట. ఊళ్లలో, సంఘాల్లో ఉచిత దంత శిబిరం పెట్టినప్పుడు "ఎక్స్‌రే మిషన్ లేదు, ఇదేం శిబిరం" అని కొందరు చులకనగా మాట్లాడతారు. అలా అనవద్దు. మంచి వెలుతురు, చిన్న అద్దం, కొలత కడ్డీ ఉంటే, వందమందిలో ఎవరికి ఎక్స్‌రే కావాలో ఎవరికి అక్కర లేదో అక్కడే ఏరవచ్చు. అలా కాకుండా అందరికీ ఎక్స్‌రే తీసి ఒక్కరి చిగురూ కొలవని చోట జబ్బు తొలిదశలో ఉన్నవారు "ఏమీ లేదు" అనిపించుకుని ఇంటికి వెళ్లిపోతారు.

ఏ ఎక్స్‌రే ఎవరికి

చిగుళ్ల జబ్బుకు వాడే ఎక్స్‌రేలు ముఖ్యంగా నాలుగు రకాలు.

మొదటిది బైట్‌వింగ్. చిన్న ఫిల్మును రెండు దవడల మధ్య కొరికి పట్టుకుంటే పైవీ కిందవీ వెనుక పళ్లు ఒకే ఫిల్ములో పడతాయి. దీన్ని 1925లో అమెరికాకు చెందిన హోవర్డ్ రేపర్ ప్రవేశపెట్టారు. కిరణాలు పంటికి ఎదురుగా, నేరుగా వస్తాయి కాబట్టి ఎముక అంచు ఉన్నదున్నట్టు కనిపిస్తుంది. ఎముక ఎక్కువ దిగిపోయి ఉంటుందనిపిస్తే అదే ఫిల్మును నిలువుగా పెట్టి తీస్తారు. వేరు చివర మాత్రం ఇందులో కనబడదు.

రెండవది ఒకటి రెండు పళ్లను వేరు చివరిదాకా చూపే చిన్న ఎక్స్‌రే. ఈ రోజుల్లో ఫిల్ముకు బదులు తీగ ఉన్న సెన్సార్ పెట్టి కంప్యూటర్‌లో చూపిస్తే దాన్ని ఆర్‌వీజీ అంటున్నారు. పాకెట్ బాగా లోతుగా ఉన్న పంటికి, చీము వస్తున్న పంటికి, ఉంచాలా తీయాలా అని ఆలోచించవలసిన పంటికి ఇదే సరైనది.

మూడవది ఓపీజీ. యంత్రం తల చుట్టూ తిరిగి రెండు దవడలనూ ఒకే పెద్ద ఫిల్ములో చూపుతుంది. చాలామంది అడిగే "పెద్ద ఎక్స్‌రే" ఇదే. "ఒక్కదానిలో అన్నీ కనబడుతుంటే చిన్నవి ఎందుకు?" అని వారు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. చాలా పళ్లు దెబ్బతిన్నవారికి, కొన్ని ఊడిపోయి కట్టుడు పళ్ల ఆలోచన ఉన్నవారికి, జ్ఞానదంతాల బాధ కూడా ఉన్నవారికి ఓపీజీ నిజంగా ఉపయోగమే. గుట్కా, వక్కపొడి నమిలి నోరు తెరుచుకోని వారికి, నోట్లో ఏది పెట్టినా వాంతి వచ్చేవారికి అదే దిక్కు. కాని ఒకే చూపులో ఊరంతా చూసేవాడికి ఒక ఇంటి గోడలో పగులు కనబడదు. ఓపీజీలో బొమ్మ పెద్దదవుతుంది, పక్క పళ్లు ఒకదానిపై ఒకటి పడతాయి, ముందు పళ్ల మీద మెడ ఎముక నీడ పడుతుంది. కాబట్టి ఓపీజీ తీసిన తర్వాత కూడా అనుమానం ఉన్న పళ్లకు చిన్న ఎక్స్‌రే కావాలని డాక్టరు అంటే, డబ్బుకోసం అంటున్నారని వెంటనే అనుకోవద్దు.

నాలుగవది సీబీసీటీ అనే స్కాన్. ఇది ఎముకను మూడు వైపుల నుంచీ చూపుతుంది. ఇంప్లాంటు వేయాలన్నా, చిక్కు ఆపరేషన్ చేయాలన్నా పనికి వస్తుంది. మామూలు చిగుళ్ల జబ్బుకు మొదటి పరీక్షగా దీని అవసరం లేదు. ఖర్చూ ఎక్కువ, కిరణాలూ ఎక్కువ.

నీడ వంకరైతే లెక్క తప్పుతుంది

ఎక్స్‌రే అంటే ఒక నీడ. మిట్టమధ్యాహ్నం మన నీడ పొట్టిగా, సాయంత్రం పొడుగ్గా పడుతుంది కదా. మనిషి మాత్రం మారలేదు. అలాగే గొట్టాన్ని ఎక్కువ వంచి తీస్తే పన్ను పొట్టిగా, తక్కువ వంచి తీస్తే పొడుగ్గా కనిపిస్తుంది. ఎముక అంచు కూడా ఉన్నచోటికి పైనో కిందో పడుతుంది. చిగుళ్ల జబ్బులో ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడాకే వైద్యం మారుతుంది కాబట్టి ఇది చిన్న విషయం కాదు. ఫిల్మును పంటికి సమాంతరంగా నిలబెట్టే హోల్డర్ వాడితే ఈ తప్పు చాలా తగ్గుతుంది. తర్వాతిసారీ అదే కోణంలో తీయవచ్చు. ఫిల్మును రోగి వేలితో నొక్కి పట్టుకోమనడం పాత అలవాటు. హోల్డర్ పెట్టడం కొంచెం ఇబ్బందే, దవడకు ఒరుసుకుంటుంది. అయినా ఓర్చుకోండి.

మీరు చేయగల సాయం కూడా ఉంది. కళ్లద్దాలు, తీసి పెట్టుకునే కట్టుడు పళ్లు ముందే తీసేయండి. ఓపీజీకి అయితే చెవి కమ్మలు, ముక్కుపుడక, తలపిన్నులు, మెడలో గొలుసులు కూడా తీయాలి. లేకపోతే వాటి తెల్లటి నీడ సరిగ్గా చూడవలసిన చోటే పడుతుంది. ఆ యంత్రం తిరిగే సుమారు 15 సెకన్లు నాలుకను అంగిటికి ఆనించి కదలకుండా నిలబడండి. చిన్న ఫిల్ము పెట్టినప్పుడు వాంతి వచ్చేట్టు ఉంటే ముక్కుతో మెల్లగా గాలి పీల్చుకోండి. కదిలిన ఫిల్ము మళ్లీ తీయవలసి వస్తుంది. అంటే రెండుసార్లు కిరణాలు.

కిరణాల భయం ఎంతవరకు నిజం?

ఈ భయం ఉత్తపుణ్యానికి పుట్టలేదు. 1895లో రాంట్‌జన్ ఎక్స్‌రేలను కనుగొన్న కొద్ది వారాలకే, 1896 జనవరిలో, జర్మనీకి చెందిన ఒట్టో వాల్కాఫ్ తన పళ్లకే ఎక్స్‌రే తీసుకున్నారు. అందుకు 25 నిమిషాలు పట్టింది. అమెరికాలోని న్యూ ఆర్లియన్స్‌లో దంత ఎక్స్‌రేకు ఆద్యుడైన ఎడ్మండ్ కెల్స్ ఏ రక్షణా లేకుండా ఏళ్ల తరబడి పనిచేసి మొదట వేళ్లు, తర్వాత చెయ్యి పోగొట్టుకున్నారు. ఆ రోజుల భయమే ఇంకా మన మాటల్లో తిరుగుతోంది.

ఇప్పటి లెక్క వేరు. ఈనాడు ఒక చిన్న ఎక్స్‌రేకు సెకనులో కొంత భాగం చాలు. భూమి నుంచి, ఆకాశం నుంచి, తినే తిండి నుంచి మనందరికీ సహజంగానే కిరణాలు తగులుతుంటాయి. ప్రపంచ సగటున అది ఏడాదికి 2.4 మిల్లీసీవర్టులు, అంటే రోజుకు 6 లేక 7 మైక్రోసీవర్టులు. ఒక చిన్న పంటి ఎక్స్‌రేతో తగిలేది సాధారణంగా 10 మైక్రోసీవర్టుల లోపే. అంటే ఒక రోజు, రోజున్నర లెక్క. ఓపీజీకి కొద్ది రోజుల లెక్క. స్కాన్‌కు యంత్రాన్ని బట్టి ఇంకా చాలా ఎక్కువ కావచ్చు.

కాబట్టి అవసరమైన ఎక్స్‌రేకు భయపడి పన్ను పోగొట్టుకోవడం తెలివైన పని కాదు. అలాగని "తక్కువే కదా" అని ఊరికే తీయించడమూ సరికాదు. చూడకుండానే తీసిన ఎక్స్‌రే ఎంత చిన్నదైనా ఎక్కువే. గర్భిణులు ఆ సంగతి ముందే చెప్పాలి. వాయిదా వేయదగినదైతే డాక్టరు వాయిదా వేస్తారు. అత్యవసరమైతే గర్భం ఉన్నంత మాత్రాన పంటి ఎక్స్‌రే నిషేధం కాదు.

సీసపు ఆప్రాన్ గురించి చాలామంది అడుగుతారు. 2024లో అమెరికన్ డెంటల్ అసోసియేషన్ పంటి ఎక్స్‌రేలకు ఆప్రాన్, మెడపట్టీ మామూలుగా అవసరం లేదని చెప్పింది. కిరణాలను పంటికి మాత్రమే పరిమితం చేయడం, ఒకేసారి సరిగా తీయడం అంతకన్నా మంచి రక్షణ అని దాని సారం. మన దగ్గర చాలాచోట్ల ఇంకా ఇస్తారు. ఇస్తే వేసుకోండి, ఇవ్వకపోతే కంగారు పడకండి. అంతకన్నా ముఖ్యమైన ప్రశ్న వేరే ఉంది. మన దేశంలో ప్రతి దంత ఎక్స్‌రే యంత్రానికీ అణుశక్తి నియంత్రణ మండలి, అంటే ఏఈఆర్‌బీ, అనుమతి ఉండాలి. అది ఉందా అని మర్యాదగా అడిగే హక్కు మీకుంది.

పాత ఫిల్ము పారేయకండి

నా దృష్టిలో అన్నిటికన్నా ఎక్కువ నిర్లక్ష్యానికి గురయ్యేది ఇదే. 2017లో అమెరికా, యూరప్ చిగుళ్ల నిపుణుల సంఘాలు షికాగోలో కలిసి జబ్బును వర్గీకరించే కొత్త పద్ధతిని నిర్ణయించి, 2018లో ప్రకటించాయి. ఇప్పుడు దంతవైద్య కళాశాలల్లో నేర్పేది అదే. అందులో రెండు ప్రశ్నలుంటాయి. జబ్బు ఎంత ముదిరింది? ఎంత వేగంగా ముదురుతోంది?

మొదటిదానికి, వేరు పొడవులో ఎంత భాగం చుట్టూ ఎముక పోయిందో చూస్తారు. 15 శాతం లోపైతే మొదటి దశ, 15 నుంచి 33 శాతం వరకు రెండవ దశ, అంతకు మించితే మూడు, నాలుగు దశలు. ఊడిన పళ్లు, కదలిక వంటివి కూడా లెక్కలోకి వస్తాయి. రెండవదానికి ఒక సులువైన లెక్క ఉంది. ఎక్కువ దెబ్బతిన్న పంటి దగ్గర పోయిన ఎముక శాతాన్ని వయసుతో భాగిస్తారు. 65 ఏళ్ల పెద్దాయనకు 30 శాతం పోతే సుమారు 0.46 వస్తుంది. అది మధ్యస్థ వేగం. అదే 30 శాతం 28 ఏళ్ల అబ్బాయికి పోతే 1 దాటుతుంది. అది చాలా వేగం. ఫిల్ములు ఒకేలా కనిపించినా మనుషుల భవిష్యత్తు ఒకటి కాదు. షుగరు, సిగరెట్లు ఉంటే ప్రమాదం ఇంకా పెరుగుతుంది.

కాని ఈ లెక్క కూడా అంచనాయే. అంతకన్నా మంచి సాక్ష్యం అయిదేళ్ల కిందటి ఎక్స్‌రే. దాన్నీ నేటి ఎక్స్‌రేనూ పక్కపక్కన పెడితే ఎముక అసలు దిగలేదా, 2 మి.మీ. లోపు దిగిందా, అంతకు మించి దిగిందా అన్నది తేలిపోతుంది. మన ఇళ్లలో ఏమి జరుగుతోంది? ఫిల్ము కవరు పిల్లల ఆటకు పోతుంది, లేదా ఇల్లు మారినప్పుడు చెత్తలోకి పోతుంది. రేషన్ కార్డు, పిల్లల సర్టిఫికెట్లు ఉన్న చోటే దీన్నీ ఉంచండి. కవరు మీద పేరు, తేదీ రాయండి. కంప్యూటర్ ఎక్స్‌రే అయితే తెరకు సెల్‌ఫోన్‌తో ఫోటో తీసుకుని ఊరుకోకుండా అసలు ఫైలునే పంపమని అడగండి. ఊరు మారినా, డాక్టరు మారినా అది మీ వెంట రావాలి.

గార తీయించిన నెలకే "బాగయిందో లేదో మళ్లీ ఎక్స్‌రే తీయండి" అని అడిగేవారున్నారు. అంత త్వరగా ఎముకలో కొత్త మార్పు కనబడదు. బాగయిందా అని చెప్పేది మళ్లీ కడ్డీయే. రక్తం ఆగిందా, పాకెట్ లోతు తగ్గిందా అన్నదే గుర్తు. కరిగిన ఎముక చాలావరకు తిరిగి రాదు. ఉన్నదాన్ని నిలుపుకోవడమే మన గురి.

చివరగా ఒక అపోహ. "గార తీయిస్తే పళ్లు వదులవుతాయి" అని మన ఇళ్లలో పెద్దలు అంటారు. తీయించకముందే ఎక్స్‌రే చూపించుకోండి. ఎముక అప్పటికే ఎంత దిగిందో మీ కళ్లతో మీరే చూస్తారు. పళ్లను వదులు చేసింది డాక్టరు పనిముట్టు కాదు, ఇన్నేళ్లూ వాటిని అంటిపెట్టుకుని ఉన్న గార.

ఈసారి దంతవైద్యుని దగ్గరికి వెళ్లినప్పుడు ఈ నాలుగు ప్రశ్నలు అడగండి:

1. నా చిగుళ్లు కొలిచారా? ఎక్కడ ఎంత లోతు ఉంది?
2. ఈ ఎక్స్‌రేతో ఏమి తెలుసుకోవాలనుకుంటున్నారు?
3. అందుకు చిన్నది చాలా, పెద్దది కావాలా?
4. నా పాత ఫిల్ము ఇదిగో, రెండూ పోల్చి చెబుతారా?

మంచి డాక్టరు ఈ ప్రశ్నలకు విసుక్కోరు, సంతోషిస్తారు. ఎందుకంటే అటువంటి రోగి తన పళ్లను కాపాడుకోవడానికి సగం పని అప్పటికే చేసుకుని వచ్చినట్టు.